"రోమ్, ఓపెన్ సిటీ" చూశాక ఒక సందేహం: ఈ కథలో ఇటలీ ఫాసిస్టులు ఎక్కడ?

లలిత_విజయనగరం:

రొసెల్లిని తీసిన "రోమ్, ఓపెన్ సిటీ" మొన్న శనివారం చూశాను. పేరు ఎన్నాళ్లనుంచో వింటున్నదే, ఇప్పటికి కుదిరింది. సగంలోనే పీనా చనిపోతుందని నాకు తెలీదు. అప్పటిదాకా ఆవిడ కథే అనుకుంటూ చూస్తాం కదా. కడుపుతో ఉంది, ఆ రోజే పెళ్లి, కాబోయే భర్తని జర్మన్లు లారీ ఎక్కించి తీసుకుపోతుంటే "ఫ్రాంచెస్కో" అని అరుస్తూ చెయ్యి చాచి వెనకాల పరిగెత్తుతుంది, తుపాకీ పేలుతుంది, నడిరోడ్డు మీద పడిపోతుంది. స్లో మోషన్ లేదు, చివరి మాటలు లేవు. కొడుకు మీద పడి ఏడుస్తుంటే ఫాదర్ పియెత్రో వచ్చి ఆవిణ్ణి ఒళ్లోకి తీసుకుంటాడు. కాసేపటి క్రితమే అదే ఫాదర్, దాచిన ఆయుధాలు జర్మన్ల కంటబడకుండా, మంచాన ఉన్న ముసలాయన్ని పెనంతో ఒక్కటిచ్చి స్పృహ తప్పించి, చివరి ప్రార్థన చదువుతున్నట్టు నటిస్తే నేను నవ్వుతూ ఉన్నాను. ఆ నవ్వు ఆగేలోపే ఇది.

ఇందులో ఎంతవరకు నిజంగా జరిగింది అనేది మొదటి ప్రశ్న. నన్ను ఎక్కువ పీకుతున్నది మాత్రం రెండోది. ఇరవై ఏళ్లు ముస్సోలినీ ఏలిన దేశం అది. సినిమాలో మాత్రం క్రూరత్వమంతా జర్మన్ మేజర్ బెర్గ్‌మన్‌దే. ఒక తలుపు తీస్తే చిత్రహింసల గది, ఇంకో తలుపు తీస్తే పియానో, మందు గ్లాసులు. ఇటలీ వాళ్లేమో పోరాడేవాళ్లు, లేదా భయస్తులు, మహా అయితే మరీనాలాగా మత్తుమందుకీ ఒక కోటుకీ లొంగిపోయినవాళ్లు. మరి నల్లచొక్కాల వాళ్లు, అదే ముస్సోలినీ ఫాసిస్టులు, ఏమైపోయారు? దీని తర్వాత ఏవి చూడాలో కూడా చెప్పండి.

పాతరీలు:

లలిత గారూ, కథ చాలావరకు నిజం మీద నిలబడిందే. కొంచెం వెనక్కి వెళ్లి చెప్తాను, లేకపోతే ఆ సినిమాలో సగం అర్థం కాదు.

1943 జూలై 25న ముస్సోలినీని దింపేశారు. సెప్టెంబర్ 8న కొత్త ప్రభుత్వం మిత్రదేశాలతో సంధి చేసుకున్నట్టు ప్రకటించింది. మర్నాడు తెల్లారేసరికి రాజూ ప్రధాని బదోలియో రోమ్ వదిలి దక్షిణాదికి పారిపోయారు. సైన్యానికి సరైన ఆదేశం ఇచ్చినవాడు లేడు. జర్మన్లు రెండు రోజుల్లో నగరం పట్టేశారు, 1944 జూన్ 4 వరకూ వదల్లేదు. దాదాపు తొమ్మిది నెలలు. బాంబులు వెయ్యకండి, ఇక్కడ యుద్ధం చెయ్యం అని ఆగస్టు 14నే ఓపెన్ సిటీగా ప్రకటించుకున్న ఊరు అది. ఆ తొమ్మిది నెలలూ కర్ఫ్యూ, మగవాళ్ల కోసం వీధుల్లో వేట, రొట్టె కోసం క్యూలు. 1944 మార్చిలో రేషన్ రొట్టె మనిషికి రోజుకి 100 గ్రాములకి తగ్గించారు. సినిమా మొదట్లో ఆడవాళ్లు బేకరీ మీద పడి రొట్టెలు పట్టుకుపోయే సీను ఊరికే పెట్టింది కాదు.

పీనా వెనక ఉన్న మనిషి పేరు తెరేసా గుల్లాచె. ఐదుగురు పిల్లల తల్లి, మళ్లీ కడుపుతో ఉంది. భర్తని పట్టుకెళ్లి వియాలె జూలియో చెజారె రోడ్డులో ఉన్న సైనిక బారక్స్‌లో పెట్టారు. 1944 మార్చి 3న బయట ఆడవాళ్లు గుమిగూడి గొడవ చేస్తుంటే ఈవిడ కిటికీ దగ్గరికి, భర్త వైపు వెళ్లబోయింది. జర్మన్ సైనికుడు కాల్చేశాడు. సినిమాలో చోటు మార్చి, లారీ పెట్టి, ఆవిణ్ణి పరిగెత్తించారు. ఆ సీను తీసింది ప్రెనెస్తీనో వైపు మోంటెకూకోలి వీధిలో.

ఫాదర్ పియెత్రోలో ఇద్దరు నిజమైన ఫాదర్లు కలిసి ఉన్నారు. ఒకరు పియెత్రో పప్పగాల్లో, దొంగ గుర్తింపు కాగితాలు చేసిచ్చి ఎంతోమందిని కాపాడిన మనిషి. ఇంకొకరు జుసెప్పె మొరొసీని, ఆయన్ని ఏప్రిల్ 3న బ్రవెట్టా కోటలో కాల్చి చంపారు. పప్పగాల్లో పోయింది ఆర్దియాతీనె గుహల్లో. మార్చి 23న వియా రసెల్లాలో ప్రతిఘటన దళం పెట్టిన బాంబుకి 33 మంది జర్మన్ పోలీసులు చనిపోతే, మర్నాడే ఒక్కొక్క జర్మన్‌కి పదిమంది లెక్కన ఖైదీల్నీ యూదుల్నీ పోగుచేసి ఆ గుహల్లోకి తీసుకెళ్లి తల వెనక కాల్చారు. లెక్క కంటే ఐదుగురు ఎక్కువే వచ్చారు, వాళ్లనీ వదల్లేదు. మొత్తం 335 మంది. సినిమాలో ఇది కనపడదు. 1945లో రోమ్‌లో టికెట్ కొనుక్కుని కూర్చున్నవాడికి కనపడాల్సిన అవసరం కూడా లేదు.

ఇంకో విషయం, నాకు ఎప్పుడూ ఒళ్లు జలదరించేది. షూటింగ్ 1945 జనవరిలో మొదలైంది. అప్పటికి మిలాన్, ట్యూరిన్, జెనోవా ఇంకా జర్మన్ల చేతుల్లోనే ఉన్నాయి, ఏప్రిల్ చివరిదాకా. అంటే ఇది గతం గురించి తీసిన సినిమా కాదు. రైలెక్కి ఒక్క రోజు పైకి వెళ్తే అదే జరుగుతోంది. చినేచిత్తా స్టూడియోలు నిర్వాసితులతో నిండిపోయి ఉంటే, వీళ్లు నగరం నడిబొడ్డున ఒక హాలు చూసుకుని అందులో గెస్టాపో (నాజీల రహస్య పోలీసు) ఆఫీసూ, చిత్రహింసల గదీ, పియానో హాలూ సెట్లు వేసుకున్నారు. మాటలన్నీ తర్వాత డబ్బింగ్ చేసినవే. అన్నా మన్యాని, ఆల్డో ఫాబ్రిజి ఇద్దరూ అప్పటికి జనాన్ని నవ్వించే నటులుగా పేరున్నవాళ్లు. రాసినవాళ్లలో సెర్జియో అమిదేయీతో పాటు పాతికేళ్ల ఫెల్లీని ఉన్నాడు. ఆ పెనం సీను చూస్తే ఆ చెయ్యి ఎవరిదో నాకు అనుమానం లేదు.

మాధవి_ఆర్:

పాతరీలు గారు చెప్పినవన్నీ సరే, కానీ లలిత గారి రెండో ప్రశ్నని తేలిగ్గా వదలకూడదు. అది అసలైన ప్రశ్న, ఆవిడ సరిగ్గా పట్టుకున్నారు.

చివర్లో ఫాదర్‌ని కుర్చీకి కట్టి కాల్చే సీను గుర్తు తెచ్చుకోండి. తుపాకులు పట్టుకున్నది ఇటలీ సైనికులు. వాళ్లు కావాలనే గురి తప్పిస్తారు, గుళ్లు నేలలో దిగుతాయి. అప్పుడు జర్మన్ ఆఫీసర్ హార్ట్‌మన్ ముందుకొచ్చి తలకి పిస్టల్ పెట్టి చంపుతాడు. మొరొసీనిని చంపినప్పుడు కూడా దళంలో ఎక్కువమంది గాల్లోకి కాల్చారనే చెప్పుకున్నారు, అక్కడిదాకా సినిమా నిజానికి దగ్గరగానే ఉంది. కానీ ఆ దళమూ ఇటాలియన్ పోలీసులే, చివరి గుళ్లు కాల్చింది ఆ దళాన్ని నడిపిన ఆఫీసరే అని చెప్తారు. సినిమా ఆ చివరి గుండుని జర్మన్ చేతిలో పెట్టింది. ఇంత చిన్న మార్పుతో ఎంత భారం దిగిపోయిందో చూడండి. కాల్చలేని చేతులు మనవి, కాల్చిన చెయ్యి పరాయివాడిది.

రొసెల్లిని గురించి కూడా చెప్పాలి. 1941లో "లా నావె బియాంకా", 1942లో "ఊన్ పిలోటా రితోర్నా", 1943లో "లువొమో డల్లా క్రోచె", మూడూ ఫాసిస్టు ప్రభుత్వం హయాంలో, ఆ యుద్ధానికి పనికొచ్చేలా తీసినవి. రెండోదానికి కథ ఇచ్చింది ముస్సోలినీ కొడుకు వితోరియో. మూడోదాంట్లో హీరో రష్యా యుద్ధంలో పనిచేసే ఒక సైనిక ఫాదర్. రెండేళ్లు తిరక్కుండానే ఇంకో ఫాదర్‌ని హీరో చేసి ప్రతిఘటన సినిమా తీశాడు. ఇది ఎత్తిపొడవడానికి చెప్పడం లేదు, ఆయన ఒక్కడే కాదు, దేశం మొత్తం అదే మలుపు తిరిగింది, ఆ సినిమా అందరికీ తలెత్తుకోవడానికి ఒక కథ ఇచ్చింది. నిజాయితీగా ఇచ్చింది. కానీ సగమే ఇచ్చింది.

మిగతా సగం కోసం 1960 దాకా ఆగాలి. ఫ్లోరెస్తానో వాంచీని తీసిన "లా లుంగా నొట్టె డెల్ 43" చూడండి. ఫెరారా ఊళ్లో 1943 నవంబర్ 15 తెల్లవారుజామున జరిగిన హత్యల మీద తీశాడు. స్థానిక ఫాసిస్టు నాయకుణ్ణి ఎవరో చంపేస్తే, ప్రతీకారం అని 11 మంది ఊరివాళ్లని పట్టుకొచ్చి చంపారు. చంపింది జర్మన్లు కాదు. చంపినవాళ్లూ చచ్చినవాళ్లూ ఒకే భాష మాట్లాడేవాళ్లు. జోర్జో బస్సాని కథ అది, స్క్రీన్‌ప్లేలో పాసోలినీ చెయ్యి ఉంది, వాంచీనిది ఆ ఊరే, ఆ ఏడు అతనికి పదిహేడేళ్లు. కాళ్లు పడిపోయి మేడ మీద గదిలోంచి కదలని మందుల షాపాయన ఆ రాత్రి కిటికీలోంచి మొత్తం చూస్తాడు. చూసి ఎవరికీ చెప్పడు. సినిమా అంతా ఆ మౌనం గురించే.

చివరి సీను చెప్తున్నాను, చూడబోయేవాళ్లు ఈ పేరా వదిలెయ్యండి. చచ్చిపోయినవాళ్లలో ఒకాయన కొడుకు స్విట్జర్లాండ్ పారిపోతాడు. చాలా ఏళ్ల తర్వాత భార్యాబిడ్డలతో ఊరు చూపించడానికి వస్తాడు. బార్ దగ్గర ఒక పెద్దాయన ఎదురవుతాడు, ఇతను చెయ్యి కలుపుతాడు. ఆయనెవరు అని భార్య అడిగితే, ఒకప్పటి ఫాసిస్టులే, పెద్దగా చెడ్డపనులేం చేసుండడులే అంటాడు. ఆ రాత్రి హత్యలు చేయించింది ఆయనే. గెస్టాపో గది చూసినప్పటికంటే నాకు ఆ షేక్‌హ్యాండ్ చూసినప్పుడే ఎక్కువ భయమేసింది.

గోదారి_గట్టు:

మాధవి గారూ, మీ మాటల్లో కొంత ఒప్పుకుంటాను, మొత్తం ఒప్పుకోను. హార్ట్‌మన్‌ని మీరు ఒక్క పిస్టల్ దగ్గరే చూశారు. ముందు రాత్రి పియానో హాల్లో వాడు తాగి ఏమంటాడు? పాతికేళ్ల కింద మొదటి యుద్ధంలో ఫ్రాన్సులో ఇలాగే దేశభక్తుల్ని కాల్పించాను, వాళ్లూ నోరు విప్పలేదు, మనుషులు స్వేచ్ఛగా బతకాలనుకుంటారంటే మనం జర్మన్లం నమ్మం, మనకి తెలిసింది చంపడమొక్కటే అని బెర్గ్‌మన్ మొహం మీదే చెప్తాడు. అదే మనిషి పొద్దున మత్తు దిగాక డ్యూటీకి వచ్చి ఆ గుండు కాలుస్తాడు. అంతా తెలిసీ చేసేవాణ్ణి చూపించాడు రొసెల్లిని. ఒట్టి విలన్ కాదు వాడు. రోమ్ ఇటాలియన్ పోలీసు అధికారి కూడా ఉన్నాడు కదా, బెర్గ్‌మన్ ముందు చేతులు కట్టుకుని ప్రతిఘటన నాయకుడు మాన్‌ఫ్రెడీ ఆచూకీ మోసేవాడు. ఫాసిస్టులు లేరని కాదు, పక్కకి జరిపారు, అంతవరకు నిజం.

అయినా 1960 దాకా ఎవరూ నోరెత్తలేదు అన్నట్టు రాశారు, అది అన్యాయం. 1946లోనే ఆల్డో వెర్గానో "ఇల్ సోలె సోర్జె అంకోరా" వచ్చింది. డబ్బు పెట్టింది మాజీ ప్రతిఘటన యోధుల సంఘం. అందులో లొంబార్దీ పల్లెలో పెద్ద భవంతివాళ్లు జర్మన్లకి విందులిస్తుంటారు, కూలీలు తుపాకులు దాస్తుంటారు. ఎవరు ఎటువైపో పేర్లతో సహా చెప్పిన సినిమా. ఒక ఫాదర్‌నీ ఒక కమ్యూనిస్టునీ కలిపి చంపడానికి నడిపించుకెళ్తారు. ఫాదర్ నడుస్తూ లాటిన్‌లో ప్రార్థన మొదలెడతాడు, ఒక్కొక్క పేరూ చదువుతుంటే దారికి అటూ ఇటూ నిలబడ్డ ఊరివాళ్లలో ముందు ఒకరిద్దరు, తర్వాత పదిమంది, తర్వాత ఊరంతా "ఓరా ప్రో నోబిస్" (మా కోసం ప్రార్థించు) అని బదులిస్తారు. ఆ గొంతు పెరుగుతున్నకొద్దీ సైనికులు బెదిరిపోతారు. ఫాదర్ వేషం వేసింది కార్లో లిజ్జాని, కమ్యూనిస్టు వేషం వేసింది జిల్లో పొంటెకోర్వో. ఇద్దరూ తర్వాత పెద్ద దర్శకులయ్యారు. పొంటెకోర్వో నిజజీవితంలో మిలాన్ ప్రతిఘటనలో పనిచేసినవాడు, దర్శకుడు కావాలన్న కోరిక "పైజా" చూసి పుట్టిందని ఆయనే చెప్పుకున్నాడు.

"పైజా" మాత్రం అస్సలు వదలకండి లలిత గారూ. 1946, రొసెల్లినిదే. సిసిలీ నుంచి ఉత్తరాన పో నది డెల్టా దాకా ఆరు కథలు. చివరి కథ మొదట్లో చచ్చిపోయిన ఒక పోరాటయోధుడి శవం నీళ్లలో తేలుతూ వస్తుంది, భయపెట్టడానికి జర్మన్లు వీపు దగ్గర "పార్టిజాన్" అని బోర్డు పెట్టి వదిలారు. తోటివాళ్లు పడవేసుకుని ప్రాణాలకి తెగించి ఆ శవాన్ని తెచ్చి పాతిపెడతారు. ఆ రెల్లు దుబ్బులూ, చప్పుడు లేని నీళ్లూ, ఆకాశం తప్ప ఏమీ లేదు, కెమెరా పడవ ఎత్తులోనే ఉంటుంది, దాక్కోవడానికి చోటు లేదని మనకే అనిపిస్తుంది. గోదావరి పాయల్లో పెరిగినవాణ్ణి, ఆ నీళ్లలో మనిషి తల ఎంత దూరం నుంచి కనపడుతుందో నాకు తెలుసు.

సీతమ్మధార_సత్యం:

చూడాల్సినవాటిలో నేపుల్స్‌ని మర్చిపోయారు మీరంతా. నాన్ని లోయ్ 1962లో తీసిన "ఫోర్ డేస్ ఆఫ్ నేపుల్స్". 1943 సెప్టెంబర్ 27 నుంచి 30 దాకా ఆ ఊరి జనం, పిల్లలతో సహా, జర్మన్ల మీద తిరగబడి మిత్రసేనలు రాకముందే వాళ్లని వెళ్లగొట్టారు. కారణం సిద్ధాంతం కాదు, మగవాళ్లంతా కూలిపనికి రావాలని హుకుం ఇచ్చారు, 30,000 మంది వస్తారనుకుంటే 150 మంది వచ్చారు, ఇళ్ల మీద పడి పట్టుకుపోవడం మొదలెట్టారు, అంతే, ఊరు లేచింది. సినిమా మొదట్లో ఒక కుర్ర నావికుణ్ణి జనం ముందు చంపి, చుట్టూ ఉన్నవాళ్లని మోకాళ్ల మీద కూర్చోబెట్టి చప్పట్లు కొట్టమంటారు. అదీ నిజంగా జరిగిందే, విశ్వవిద్యాలయం మెట్ల దగ్గర. ఇందులో హీరో అంటూ ఒకడు ఉండడు, వీధే హీరో.

దానికి జతగా కొమెంచీని "తుత్తి ఆ కాజా", 1960. సెప్టెంబర్ 8 సంధి కబురు తెలీని లెఫ్టినెంట్‌గా అల్బెర్తో సోర్డి. జర్మన్లు తమ మీదే కాలుస్తుంటే కల్నల్‌కి ఫోన్ చేసి, అయ్యా ఘోరం జరిగిపోయింది, జర్మన్లు అమెరికా వాళ్లతో కలిసిపోయారు అంటాడు! నవ్వుతూనే ఉంటాం, దేశం దేశమే దిక్కులేకుండా ఇంటిదారి పట్టడం చూస్తూ. ఎవరి జోలికీ పోకుండా ఇల్లు చేరదామనుకున్న ఆ మనిషి చివరికి నేపుల్స్‌లో ఆ నాలుగు రోజుల దగ్గర తేలి తుపాకీ పట్టుకుంటాడు.

ఇంకో సంగతి. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవం బొంబాయితో ఆగకుండా మద్రాసుకీ వచ్చింది, ఇటలీ సినిమాలతో సహా. అప్పుడు తెలుగు సినిమా ఉన్నది మద్రాసులోనే. ఆ హాళ్లలో మనవాళ్లు ఎవరెవరు కూర్చుని ఏమనుకున్నారో ఎవరైనా సరిగ్గా రాస్తే చదవాలని నాకు ఎంతో ఆశ.

లలిత_విజయనగరం:

అందరికీ చాలా థాంక్స్ అండీ. మాధవి గారు చెప్పిన ఆ చివరి గుండు విషయం చదివాక ఆ సీను మళ్లీ పెట్టుకుని చూశాను, గోదారి_గట్టు గారు చెప్పిన తాగుబోతు సీను కూడా. రెండూ పక్కపక్కన పెడితే హార్ట్‌మన్ మీద నా కోపం తగ్గలేదు, పెరిగింది. తెలిసి చేసినవాడు కదా. ఇంకొక్కటి అడుగుతాను. ఇటలీ వాళ్లు ఇటలీ వాళ్లనే చంపుకోవడాన్ని, రెండు వైపులా మనుషులుగా చూపించి, అయినా ఎవరిది తప్పో దాచకుండా తీసిన సినిమా ఏదైనా ఉందా?

పాతరీలు:

ఉంది. తవియాని సోదరులు 1982లో తీసిన "నైట్ ఆఫ్ ది షూటింగ్ స్టార్స్". మీరు అడిగినదానికి ఇంతకంటే దగ్గరగా వచ్చేది నాకు తెలిసి లేదు.

వాళ్లది టస్కనీలో సాన్ మినియాతో. 1944 జూలై 22న ఆ ఊరి పెద్ద చర్చిలో తలదాచుకున్నవాళ్లలో 55 మంది ఒక పేలుడులో చనిపోయారు. సినిమాలో ఊరి పేరు మార్చారు. చర్చిలోకి రండి, ప్రాణాలకి భయం లేదు అన్న జర్మన్ల మాట నమ్మి బిషప్ వెంట వెళ్లినవాళ్లు వెళ్తారు. నమ్మనివాళ్లు గల్వానో అనే ముసలి రైతు వెనక రాత్రికి రాత్రి నల్లబట్టలు వేసుకుని ఊరు వదిలేసి అమెరికన్లని వెతుక్కుంటూ పోతారు. మీ చర్చకి పనికొచ్చే మాట ఒకటి ఉంది ఇక్కడ. సినిమా ఆ పేలుడుని జర్మన్ల పనిగానే చూపించింది, ఊళ్లో దశాబ్దాల పాటు అనుకున్నదీ అదే. తర్వాత పరిశోధించిన చరిత్రకారుల్లో ఎక్కువమంది అది అమెరికన్ ఫిరంగి గుండు అని తేల్చారు.

మీరు అడిగింది గోధుమ చేలో ఉంది. నిలువెత్తు పంట, అందులో ఇటు పోరాటదళం, అటు నల్లచొక్కాలు, ఇద్దరూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే, కంకుల మధ్య పాక్కుంటూ ఎదురుపడితే పేరు పెట్టి పిలుచుకుని, ఫలానావాడివి కదూ అనుకుని మరీ కాల్చుకుంటారు. ఫాసిస్టుల్లో ఒక తండ్రీ, పదిహేనేళ్లుంటాయో లేదో కొడుకూ. ఆ కుర్రాడు ముందు నిమిషం దాకా చేతికొచ్చినట్టు చంపాడు, దొరికిపోయాక నేలమీద పడి పొర్లి ఏడుస్తాడు. తండ్రి కళ్లముందే వాణ్ణి కాల్చేస్తారు. వాడు చేసింది సినిమా దాచలేదు, వాడు పిల్లాడన్నదీ దాచలేదు. ఎవరి పక్షాన తీశారో మాత్రం ఒక్క ఫ్రేములో కూడా అనుమానం రాదు.

మాధవి_ఆర్:

ముందు వాంచీనిది చూసి తర్వాత ఇది చూడండి లలిత గారూ. వీలైతే "జనరల్ డెల్లా రోవెరె" కూడా కలుపుకోండి. 1959, మళ్లీ రొసెల్లినే, హీరో డి సికా. ఖైదీల కుటుంబాల దగ్గర డబ్బులు గుంజే మోసగాడు, జర్మన్ల తరఫున జైల్లో జనరల్ వేషం వేసి, ఆఖరికి ఆ వేషానికే కట్టుబడి చస్తాడు. వెనిస్‌లో గోల్డెన్ లయన్ ఇచ్చారు. మొదటి సినిమాలో మనిషి ముందునుంచీ వీరుడే, ఇందులో వీరుడు కానివాడు ఎలా అవుతాడో అంగుళం అంగుళం చూపించాడు. పద్నాలుగేళ్లు గడిచాక ఆయనకే ఆ ప్రశ్న వచ్చింది అనిపిస్తుంది నాకు.

లలిత_విజయనగరం:

సరే అండీ, ఈ వారం వాంచీనిది, వచ్చే వారం తవియానిలది. డి సికా ది మా నాన్నగారితో కలిసి చూస్తాను, ఆయనకి జైలు కథలంటే ఇష్టం. చూశాక ఇక్కడే రాస్తాను, మళ్లీ వాదించుకుందాం.